హొయ్సళ వచ్చి వెళ్ళాక మైకు మళ్ళీ ఎందుకు మోగుతుంది?

రాత్రి పది నలభై. బెంగళూరు బీటీఎం లేఅవుట్‌లోనో మారతహళ్ళి లోపలి క్రాస్‌లోనో రోడ్డుకి అడ్డంగా షామియానా, ఇద్దరు మనుషులంత ఎత్తు స్పీకర్లు, ఆర్కెస్ట్రా. ఎవరో 112కి ఫోన్ చేస్తారు. కాసేపటికి హొయ్సళ, అంటే పోలీసుల గస్తీ బండి, వస్తుంది. ఏఎస్సై దిగి నిర్వాహకులతో రెండు ముక్కలు మాట్లాడతాడు. సౌండ్ తగ్గుతుంది. బండి మలుపు తిరిగిన ఐదు నిమిషాలకి పాట మళ్ళీ మొదటికొస్తుంది. ఫోన్ చేసినాయన కిటికీ మూసుకుని "ఈ ఊళ్ళో ఇంతే" అనుకుంటాడు.

ఆయన అనుకున్నంత మొండి ఊరేం కాదిది. ఆయన చేసిన పని ఒకటి, ఆశించిన ఫలితం ఇంకొకటి. ఈ రాత్రికి ఆ గోల ఆపించడం ఒక పని. వచ్చే వారం, వచ్చే నెల మళ్ళీ మొదలవకుండా చూడడం వేరే పని. మొదటిది ఫోన్‌తో అవుతుంది, గస్తీ బండి చూసుకుంటుంది. రెండోది కాగితంతో అవుతుంది. ఆ కాగితం వెళ్ళాల్సిన ఆఫీసు వేరు, అది కదలడానికి పట్టే కాలం వేరు. బెంగళూరులో వీధి గోల మీద వెళ్ళే ఫిర్యాదులు ఎక్కువగా ఈ రెంటి మధ్య సందులోనే పడిపోతున్నాయి.

112కి ఫోన్ చేశాక లోపల జరిగేది

పాత 100కి కొట్టినా ఇప్పుడు కాల్ 112 కంట్రోల్ రూమ్‌కే చేరుతుంది. ఎత్తినవాళ్ళు మీరు చెప్పింది టైపు చేసి ఒక ఈవెంట్ తెరుస్తారు. దాన్ని ఇంకొకరు చూసి దగ్గర్లోని హొయ్సళకి పంపిస్తారు. బండిలో ఉన్న తెర మీద అది కనిపిస్తుంది. అక్కడికి వెళ్ళి, చూసి, ఏం చేశారో రాసి వాళ్ళు ఈవెంట్ మూసేయాలి. అంటే మీ ఫోన్ గాల్లో కలిసిపోదు, దానికొక నంబర్ ఉంటుంది. ఆ నంబర్ అడిగి రాసుకోండి. దాని విలువ ఆ రాత్రి తెలియదు, మూడు వారాల తర్వాత తెలుస్తుంది.

కాల్‌లో ఎక్కువ టైం తినేది చిరునామా. బెంగళూరులో 5వ క్రాస్ లేని లేఅవుట్ లేదు. "5వ క్రాస్, 3వ మెయిన్" అని ఊరుకుంటే బండి పక్క స్టేజ్‌లో తిరుగుతూ ఉంటుంది. లేఅవుట్ పేరు, స్టేజ్ లేదా బ్లాక్, తర్వాత మెయిన్, క్రాస్, ఆ వెంటనే డ్రైవర్ కంటికి కనపడే గుర్తు: గుడి, దర్శిని హోటల్, స్కూల్ గేటు. ఈ వరసలో చెప్పండి. తర్వాత ఏం జరుగుతోందో ఒక్క వాక్యం, ఎంతమంది ఉన్నారు, చేతుల్లో ఏమైనా ఉన్నాయా, ఎవరికైనా దెబ్బలు తగిలాయా. కన్నడ, ఇంగ్లిష్‌లలో ఇబ్బంది ఉండదు. తెలుగులో మాట్లాడొచ్చా లేదా అన్నది ఆ సీట్లో ఎవరున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. కన్నడలో ఒక్క ముక్క చాలు: "రాత్రి హత్తు గంటె మేలె మైక్ హాకిద్దారె, సార్" (రాత్రి పది దాటాక మైకు పెట్టారు సార్).

"చాలా డిస్టర్బెన్స్‌గా ఉందండీ" అన్న మాట మీద పోలీసు చెయ్యగలిగింది తక్కువ. "పది దాటాక రోడ్డు మీద లౌడ్‌స్పీకర్ మోగుతోంది" అంటే అది నిబంధన ఉల్లంఘన. "తాగి గొడవ చేస్తున్నారు" కంటే "ఇద్దరు కొట్టుకుంటున్నారు, దారి ఆపేశారు" బరువైన మాట. ఉన్నదాన్ని పెంచి చెప్పమని కాదు. మీ చిరాకు పక్కనబెట్టి వాళ్ళు చేస్తున్న పని చెప్పమని.

హొయ్సళ సిబ్బందికి ఉన్న పరిధి కూడా తెలుసుకోవాలి. వాళ్ళు ఆపగలరు, చెదరగొట్టగలరు, అవసరమైతే స్టేషన్‌కి తీసుకెళ్ళగలరు. కేసు కట్టేది, నోటీసు ఇచ్చేది, అనుమతి రద్దుకు రాసేది స్టేషన్, దాని పైవాళ్ళు. బండి మలుపు తిరగ్గానే పాట మళ్ళీ మొదలయ్యేది అందుకే. నిర్వాహకులకి ఆ సంగతి మీకంటే బాగా తెలుసు. మళ్ళీ మొదలైతే మళ్ళీ ఫోన్ చేయండి, మొదటి ఈవెంట్ నంబర్ చెప్పి. ఒకే చోటు, ఒకే రాత్రి, రెండు ఈవెంట్లు ఉంటే "చెప్పాం, ఆపేశారు" అని ఫైలు మూసేయడం కష్టం.

స్టేషన్‌లో మీ కాగితం ఎటు పోతుంది

చాలామంది తికమక పడేది ఇక్కడే. నేరాలన్నీ పోలీసుకి ఒకటి కావు. కాగ్నిజబుల్ నేరమైతే పోలీసులు కోర్టుని అడగకుండా ఎఫ్ఐఆర్ రాసి దర్యాప్తు చేయొచ్చు. నాన్ కాగ్నిజబుల్ అయితే మెజిస్ట్రేట్ ఆజ్ఞ లేకుండా దర్యాప్తే చేయకూడదు. 2024 జూలై 1 నుంచి పాత సీఆర్పీసీ స్థానంలో అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 174వ సెక్షన్ చెప్పేది అదే. అలాంటి ఫిర్యాదుని పుస్తకంలో రాసుకుని, మీకు ఎన్సీఆర్ (నాన్ కాగ్నిజబుల్ రిపోర్ట్) ఇచ్చి, మెజిస్ట్రేట్ దగ్గరికి వెళ్ళమనడమే స్టేషన్ పని. అలా రాసుకున్నవాటి నివేదికని పదిహేను రోజులకోసారి మెజిస్ట్రేట్‌కి పంపాలని కొత్త చట్టం అదనంగా చెప్పింది.

చిక్కేమిటంటే, మామూలు జనం న్యూసెన్స్ అనేదంతా ఎక్కువగా ఈ రెండో గూట్లోనే పడుతుంది. పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పబ్లిక్ న్యూసెన్స్‌కి శిక్ష 292వ సెక్షన్: వెయ్యి రూపాయల దాకా జరిమానా, అదీ నాన్ కాగ్నిజబుల్. తాగి బహిరంగంగా అల్లరి చేస్తే 355: ఇరవై నాలుగు గంటల దాకా సాధారణ జైలు, లేదా వెయ్యి దాకా జరిమానా, లేదా రెండూ, లేదంటే సమాజసేవ. ఇదీ నాన్ కాగ్నిజబులే. కావాలని తిట్టి రెచ్చగొట్టడం (352), మామూలు బెదిరింపు (351), చిన్న దెబ్బలు (115) కూడా అదే గూడు. "కంప్లెయింట్ ఇచ్చాం, ఏం చేయలేదు" అనే మాటల్లో సగం వెనక ఉన్నది పోలీసు బద్ధకం కాదు, ఈ గీత. మిగతా సగం సంగతి తర్వాత చూద్దాం.

గీతకి అవతలి వైపు ఉన్నవి చూడండి. నలుగురూ తిరిగే చోట బూతులు, అసభ్య చేష్టలు (296) కాగ్నిజబుల్. బహిరంగంగా కొట్టుకుని శాంతికి భంగం కలిగించడం (194), నడిచే దారికి అడ్డుపెట్టడం (285, అయిదు వేల దాకా జరిమానా), మనిషిని కదలనివ్వకుండా దారి కాయడం (126), ఆడవాళ్ళ మీద మాటలు, సైగలు (79), ఇవన్నీ కాగ్నిజబుల్. 174వ సెక్షన్‌లోనే ఇంకో మాట ఉంది: ఒకే ఘటనలో అయిదు నేరాలుండి, వాటిలో ఒక్కటి కాగ్నిజబుల్ అయినా సరే, కేసు మొత్తాన్ని కాగ్నిజబుల్‌గానే చూడాలి. ఎన్సీఆర్ ఇచ్చి పంపేసే ఫిర్యాదుకీ ఎఫ్ఐఆర్ అయ్యే ఫిర్యాదుకీ తేడా తెచ్చేది తరచూ ఇదే. "పక్కింటాయన తాగి తిట్టాడు" అని రాస్తే ఎన్సీఆర్. అదే సాయంత్రం ఆయన గేటుకి బైక్ అడ్డం పెట్టి మిమ్మల్ని బయటికి పోనివ్వకపోయి ఉంటే, అది రాయడం మర్చిపోయారంటే నష్టం మీదే.

రాతపూర్వకంగా ఇవ్వండి, కన్నడలో గానీ ఇంగ్లిష్‌లో గానీ, పోలీస్ ఇన్‌స్పెక్టర్ పేరున కాక హోదాకి. రెండు ప్రతులు తీసుకెళ్ళి ఒకదాని మీద స్టేషన్ సీలు, తేదీ, సంతకం వేయించుకోండి. విచారించి మూసేస్తే దానికొక జవాబు రాసివ్వాలి. ఇక్కడ దాన్ని హింబరహ అంటారు. "హింబరహ కొడి సార్" అని అడిగేవాళ్ళకి, నోటిమాట మీద తిరిగొచ్చేవాళ్ళకి స్టేషన్‌లో దొరికే గౌరవంలో తేడా ఉంటుంది. బాగుందని కాదు, ఉన్నమాట.

కాగ్నిజబుల్ నేరమైనా ఎఫ్ఐఆర్ రాయకపోతే? రాయాల్సిందేనని సుప్రీంకోర్టు 2013లో లలితాకుమారి కేసులో తేల్చేసింది. నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుని పోస్టులో ఎస్పీకి పంపొచ్చు. బెంగళూరు నగరంలో అంటే ఆ డివిజన్ డీసీపీకి. అక్కడా కదలకపోతే మెజిస్ట్రేట్‌కి దరఖాస్తు. ఆన్‌లైన్‌లో సమాచారం ఇస్తే మూడు రోజుల్లో వెళ్ళి సంతకం పెట్టాలి. ఈ స్టేషన్ పరిధి కాదన్న సాకు చెల్లదు, ఎక్కడిచ్చినా తీసుకుని అసలు స్టేషన్‌కి పంపాలి. మూడు నుంచి ఏడేళ్ళలోపు శిక్షలున్న నేరాల్లో డీఎస్పీ స్థాయి అనుమతితో పద్నాలుగు రోజుల ప్రాథమిక విచారణకి వీలుంది. వీధి గోల కేసులు చాలావరకు ఆ శిక్షల కిందికి రావు కాబట్టి, "విచారణలో ఉంది" అని నెలలు లాగితే ఏ సెక్షన్ కింద అని అడగొచ్చు.

చప్పుడు సంగతి

ఈ ఊళ్ళో ఎక్కువ ఫోన్లు దీని మీదే కాబట్టి కాస్త లోతుగా చూద్దాం. 2000 నాటి శబ్దకాలుష్య నియంత్రణ నిబంధనలు నివాస ప్రాంతానికి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 అని గీత గీశాయి. వాణిజ్య ప్రాంతానికి 65, 55. ఆస్పత్రి, స్కూలు, కోర్టు చుట్టూ వంద మీటర్ల నిశ్శబ్ద మండలంలో 50, 40. రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు. మామూలుగా ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటేనే అరవై దాకా ఉంటుంది. నలభై అయిదు అంటే ఎంత తక్కువో దీన్ని బట్టి ఊహించుకోవచ్చు. పది డెసిబెల్స్ పెరిగితే శబ్దశక్తి పదింతలవుతుంది, చెవికి దాదాపు రెట్టింపనిపిస్తుంది.

ఫిర్యాదుకి రెండు దార్లున్నాయి. ఒకటి, శబ్దం ఆ గీత కంటే పది డెసిబెల్స్ లేదా అంతకంటే ఎక్కువ ఉందని చెప్పడం. రెండోది, రాత్రిపూట నిషేధాలు ఉల్లంఘించారని చెప్పడం. ఈ రెండోదానికి కొలతే అక్కర్లేదు. పది దాటాక బయట లౌడ్‌స్పీకర్ మోగితే అది 46 డెసిబెల్సా 80నా అన్న చర్చ లేదు, మోగడమే తప్పు. నివాస ప్రాంతంలో రాత్రిపూట చప్పుడు చేసే నిర్మాణ యంత్రాలు, టపాసులు, అత్యవసరం లేని హారన్ కూడా 2010 సవరణతో ఇందులో చేరాయి. కాబట్టి అర్ధరాత్రి పక్క సైట్‌లో బ్రేకర్ ఆడుతుంటే ఫోన్‌లో యాప్ తెరిచి డెసిబెల్స్ చూపించే శ్రమ వద్దు. టైం కనపడేలా వీడియో చాలు.

పగటి గోలకైతే కొలత కావాలి. అక్కడ ఫోన్ యాప్‌ని నమ్ముకోకండి. ఫోన్ మైకు మనిషి గొంతు కోసం చేసింది, పెద్ద శబ్దం వస్తే తనంతట తనే అణిచేస్తుంది. దాని అంకె అధికారిని పిలిపించడానికి పనికొస్తుంది, కేసు నిలబెట్టడానికి కాదు. తీస్తే మాత్రం రెండుసార్లు తీయండి, గోల ఉన్నప్పుడొకసారి, లేనప్పుడొకసారి, అదే కిటికీ దగ్గర నిలబడి. అవుటర్ రింగ్ రోడ్డు పక్కన ఇల్లయితే ట్రాఫిక్ ఒక్కటే గీత దాటేసి ఉంటుంది. ఆ రెండంకెల తేడానే మీ మాట.

ఇక "పర్మిషన్ ఉంది" అనే జవాబు. లౌడ్‌స్పీకర్‌కి రాతపూర్వక అనుమతి ఉండాలి, నిజమే. కానీ అనుమతి ఉన్నా పది దాటకూడదు. పండగలకి పన్నెండు దాకా సడలింపు ఏడాదికి పదిహేను రోజులు మించకూడదు, ఆ రోజులేవో ప్రభుత్వం ముందుగానే ప్రకటించాలి. గణేశ నిమజ్జనం, రాజ్యోత్సవం, అణ్ణమ్మ ఉత్సవం అంటూ ఏడాది పొడుగునా వీధికో షామియానా లేచే ఊళ్ళో ఈ పదిహేను ఎప్పుడో అయిపోయి ఉంటాయి. బహిరంగ స్థలం సరిహద్దు దగ్గర కూడా ప్రాంతపు గీత కంటే పది డెసిబెల్స్ ఎక్కువ, లేదా 75, ఈ రెంటిలో ఏది తక్కువైతే అది హద్దు. కాబట్టి "అనుమతి కాగితం ఎంతవరకూ? ఏ రోజులకి?" అన్నది అడగాల్సిన ప్రశ్న. ఉందా లేదా అన్నది కాదు.

పబ్బుల గోల వేరే తంతు. ఇందిరానగర్, కోరమంగళ వాసులకి ఇది కొట్టినపిండి. నగరంలో బార్లు రాత్రి ఒంటిగంట దాకా తెరిచి ఉంటాయి. అది మందు పోయడానికి ఇచ్చిన గడువు, మ్యూజిక్‌కి ఇచ్చింది కాదు. నాలుగు గోడల మధ్య ఉంది కాబట్టి రాత్రి నిషేధం మాకు వర్తించదని వాళ్ళంటారు. అందులో కొంత నిజముంది. కానీ సొంత స్థలం సరిహద్దు దగ్గర ప్రాంతపు గీత కంటే అయిదు డెసిబెల్స్ మించకూడదని అవే నిబంధనలు చెబుతున్నాయి. రూఫ్‌టాప్‌కి గోడలెక్కడివి? అసలు మీట వాళ్ళ లైసెన్సుల్లో ఉంది. ట్రేడ్ లైసెన్సు కార్పొరేషన్‌ది, మద్యం లైసెన్సు ఎక్సైజ్‌ది. లైవ్ బ్యాండ్, డిస్కోథెక్ లాంటివి నడపాలంటే 2005 నాటి ఉత్తర్వు ప్రకారం పోలీస్ కమిషనర్ లైసెన్సు ఉండాలి, దాన్ని సుప్రీంకోర్టు 2018లో సమర్థించింది. శబ్దకాలుష్యం మీద రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి కూడా రాయొచ్చు. 112 ఫోన్లు యాభై చేసినా పబ్బు యజమాని భయపడడు. లైసెన్సు పునరుద్ధరణ ముందు నాలుగు ఆఫీసుల ఫైళ్ళలో ఈవెంట్ నంబర్లతో ఉత్తరాలుంటే లోపల కూర్చుని మాట్లాడుకుందామంటాడు.

ఒక మార్పు గమనించాలి. ఈ నిబంధనల వెనకున్న పర్యావరణ పరిరక్షణ చట్టంలో ఒకప్పుడు జైలు శిక్ష ఉండేది. 2024 ఏప్రిల్ నుంచి దాని స్థానంలో పదివేల నుంచి పదిహేను లక్షల దాకా జరిమానా వచ్చింది. విధించేది స్టేషన్ కాదు, అడ్జుడికేటింగ్ ఆఫీసర్. అందుకే క్షేత్రంలో పోలీసులు కర్ణాటక పోలీసు చట్టం 92వ సెక్షన్ కింద పెట్టీ కేసుతోనో సిస్టమ్ పట్టుకెళ్ళడంతోనో సరిపెడుతుంటారు. స్పీకర్లు అద్దెకిచ్చినవాడికి సామాను స్టేషన్‌లో రెండు రోజులుంటే పడే నష్టం ముందు జరిమానా చిన్నదే.

పోలీసుల పని కానివి

చీకటి పడగానే ఖాళీ సైట్‌లో మందు పార్టీలు మొదలయ్యాయనుకోండి. పోలీసులు వచ్చి లేపుతారు, మర్నాడు మళ్ళీ కూర్చుంటారు. అక్కడ జనం చేరడానికి కారణం పొదలు, చెత్త, వెలగని వీధిదీపం. ఇవి కార్పొరేషన్ పనులు. 2025 సెప్టెంబర్ నుంచి పాత నగర కార్పొరేషన్ బీబీఎంపీ లేదు. గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద సెంట్రల్, నార్త్, సౌత్, ఈస్ట్, వెస్ట్ అని అయిదు కార్పొరేషన్లు వచ్చాయి. మీ వీధి ఏ కార్పొరేషన్‌లో పడిందో ముందు చూసుకోండి, లేకపోతే ఉత్తరం ఆఫీసుల మధ్య బంతాట ఆడుతుంది. 1533కి చేస్తే నమోదు నంబర్ ఇస్తారు. చెత్త మాత్రం బెంగళూరు ఘనవ్యర్థాల నిర్వహణ సంస్థది. పక్కనే ఉన్న వైన్ షాపు వల్ల ఆ గుంపు చేరుతుంటే ఎక్సైజ్‌కి రాయండి. సీఎల్-2 లైసెన్సు సీసా అమ్మడానికే, అక్కడ నిలబెట్టి తాగించడానికి కాదు. ఒకే చోటు మీద పోలీసుకి, కార్పొరేషన్‌కి, ఎక్సైజ్‌కి మూడు వేర్వేరు కాగితాలు, ఒక్కోదాంట్లో వాళ్ళ పని మాత్రమే. అన్నీ కలిపి ఒకే ఉత్తరం మీద "ప్రతి: అందరికీ" అని రాస్తే ఎవరికి వాళ్ళు ఇంకొకరిది అనుకుంటారు.

వీలింగ్, సైలెన్సర్ తీసేసిన బైకులు, గేటుకి అడ్డం పార్కింగ్ ట్రాఫిక్ పోలీసులకి. వాళ్ళ స్టేషన్లు వేరు, లా అండ్ ఆర్డర్ స్టేషన్‌లో ఇస్తే సగం రోజు పోతుంది. నంబర్ ప్లేటు కనిపించే ఫోటోని అస్త్రమ్ యాప్‌లో పెట్టొచ్చు. మార్చిన సైలెన్సర్‌కి మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. బండి నడిపింది మైనరైతే 199ఏ కింద తల్లిదండ్రులకో యజమానికో పాతికవేలు, మూడేళ్ళ దాకా జైలు. కాలనీ పెద్దలు పిల్లల తండ్రికి ఈ సెక్షన్ ఒకసారి చదివి వినిపిస్తే చాలాసార్లు అక్కడితో తీరిపోతుంది. బహిరంగ స్థలంలో సిగరెట్‌కి కర్ణాటకలో 2025 నుంచి జరిమానా వెయ్యి. మత్తుమందుల అమ్మకమని అనుమానముంటే 1933, పేరు చెప్పక్కర్లేదు.

నెల రోజుల డైరీ

292వ సెక్షన్ వెయ్యి రూపాయలే కదా అని తీసిపారేయకండి. న్యూసెన్స్ నిర్వచనం 270లో ఉంది. ఒక మనిషికి కలిగే చిరాకు చాలదు, చుట్టుపక్కల ఉండే జనానికి మొత్తంగా కలగాలి. అందుకే ఒక్కరి సంతకంతో ఇచ్చిన ఫిర్యాదుని స్టేషన్ "ఇద్దరు పొరుగువాళ్ళ తగవు"గా చూస్తుంది. అయిదారు ఇళ్ళ సంతకాలుంటే చట్టం దృష్టిలో కూడా విషయం మారుతుంది.

సంతకాలకి తోడు డైరీ కావాలి. పెద్దగా ఏం లేదు, నోట్‌బుక్‌లో ఇలా: "నవంబర్ 8. 10:50కి మొదలు. 11:05కి 112, ఈవెంట్ నంబర్ ఫలానా. 11:30కి హొయ్సళ. 11:40కి మళ్ళీ సౌండ్. 12:20కి బంద్." అంతే. విశేషణాలొద్దు. "భరించలేని", "దారుణమైన" అన్న మాటలు ఆఫీసర్ కళ్ళకి ఆనవు. పదకొండు నలభైకి మళ్ళీ సౌండ్ అన్నది ఆనుతుంది. నాలుగు వారాల్లో ఇలాంటివి ఆరేడు పోగైతే ఉత్తరం తనంతట తనే రాసుకుంటుంది.

వీడియో మీ బాల్కనీ నుంచి తీయండి, మొహం మీద ఫోన్ పెట్టి కాదు. అసలు ఫైల్ ఫోన్‌లో అలాగే ఉంచండి. వాట్సాప్‌లో పంపిన కాపీ కుదించుకుపోతుంది, తీసిన వివరాలు పోతాయి. కోర్టుదాకా వెళ్తే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద హ్యాష్ విలువతో (ఫైల్ మారలేదని చూపే గుర్తు) సర్టిఫికెట్ అడుగుతారు, అది అసలు ఫైల్‌దే అయ్యుండాలి. వీధిలో ఎవరింటి కెమెరాలోనో పడిందంటే ఆ రోజే అడగండి. ఇళ్ళ డీవీఆర్‌లు కొద్దిరోజుల్లో పాతదాని మీద కొత్తది రాసేసుకుంటాయి. జనం ఎక్కువగా వచ్చే సంస్థలు మాత్రం 2017 నాటి కర్ణాటక చట్టం ప్రకారం ముప్పై రోజుల ఫుటేజ్ ఉంచాలి.

ఈ కట్టతో ఏసీపీనో డీసీపీనో కలిస్తే వాళ్ళ చేతిలో స్టేషన్‌కి లేని ఆయుధాలున్నాయి. నాగరిక సురక్షా సంహిత 126వ సెక్షన్ కింద శాంతి భంగం చేయనని ఏడాది దాకా బాండ్ రాయించుకోవచ్చు. అలవాటుగా నేరాలు చేసేవాళ్ళ చేత 129 కింద మూడేళ్ళ దాకా. న్యూసెన్స్ తొలగించమని, లేదా వచ్చి సంజాయిషీ చెప్పమని 152 కింద ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్ షరతుతో కూడిన ఉత్తర్వు ఇవ్వొచ్చు, దాన్ని సివిల్ కోర్టులో ప్రశ్నించడానికి లేదు. ఆపమని ఉత్తర్వు వచ్చాక కూడా కొనసాగిస్తే అప్పుడు న్యాయ సంహిత 293: ఆరు నెలల దాకా జైలు, కాగ్నిజబుల్. చూశారా, మొదట్లో వెయ్యి రూపాయల నేరం ఒక ఉత్తర్వు పడగానే ఎక్కడికి చేరిందో. నగరం నుంచే పంపేయడం, ఇక్కడ గడిపారు అంటారు, రౌడీషీటర్ల లాంటివాళ్ళకి. వీధి గోలకి దాని ఊసెత్తి స్టేషన్‌లో నవ్వులపాలు కావొద్దు.

ఎవరూ పలకకపోతే ముఖ్యమంత్రి జనస్పందన 1902 ఉంది. కానీ సమాచార హక్కు దరఖాస్తు ఎక్కువ పనిచేస్తుంది. పది రూపాయలు, ముప్పై రోజులు. కర్ణాటకలో ఒక మెలిక: దరఖాస్తు 150 మాటలు దాటకూడదు, ఒకే విషయం మీద ఉండాలి. గోడంతా వెళ్ళబోసుకుంటే వెనక్కి పంపేస్తారు. "ఫలానా ఈవెంట్ నంబర్ల మీద నమోదైన చర్యల నకలు ఇవ్వండి" ఒకటి. "ఫలానా తేదీన ఫలానా రోడ్డులో లౌడ్‌స్పీకర్‌కిచ్చిన అనుమతి నకలు" ఇంకొకటి. ఎవరూ బాధ్యత తీసుకోని ఆ మిగతా సగం సంగతి, ముందు వదిలేసింది, ఇక్కడ బయటపడుతుంది. ఇవ్వని అనుమతికి నకలు ఉండదు కదా.

పీజీలు, బ్యాచిలర్లు, అపార్ట్‌మెంట్లు

మడివాళ, బీటీఎం, మారతహళ్ళిల్లో ఫిర్యాదుకి అటుపక్క ఇటుపక్క రెండువైపులా తెలుగువాళ్ళే ఉండడం మామూలు. ఆంధ్రా పీజీ టెర్రస్ మీద క్రికెట్ మ్యాచ్ చూసే కుర్రాళ్ళు మనవాళ్ళే, పక్కింట్లో పరీక్షకి చదువుకునే పిల్లాడి తండ్రీ మనవాడే. పీజీ విషయంలో కుర్రాళ్ళతో తగువు పెట్టుకోవడం దండగ, మూడు నెలలకోసారి మనుషులు మారిపోతుంటారు. యజమానికి ట్రేడ్ లైసెన్సు ఉండాలి, అది కార్పొరేషన్ ఇస్తుంది. టెర్రస్ తలుపుకి పదింటికి తాళం వేయమని యజమానికి ఉత్తరం, వారం తర్వాత నకలు కార్పొరేషన్ ఆరోగ్యాధికారికి. ఈ వరస ఎక్కువసార్లు స్టేషన్‌దాకా పోనివ్వదు.

అపార్ట్‌మెంట్‌లో లోపలి గొడవని పోలీసులు అసోసియేషన్ మీదకి తోస్తారు. అందులో తప్పు లేదు, బైలాలో ఉన్న పని అది. అసోసియేషన్ ముందుగా ఇచ్చిన రెండు నోటీసులు జతచేసి వెళ్తే మాత్రం తోసిపుచ్చలేరు.

ఫిర్యాదు కానిది కూడా చెప్పుకోవాలి. బ్యాచిలర్లు ఉండడం నేరం కాదు. నలుగురు కుర్రాళ్ళు కాంపౌండ్ గోడ మీద కూర్చుని పదకొండు దాకా కబుర్లాడుకోవడం నేరం కాదు. ఆడపిల్ల రాత్రి షిఫ్ట్ నుంచి ఆలస్యంగా రావడం, ఆమెని ఎవరో దింపి వెళ్ళడం అసలే కాదు. ఇలాంటివాటిని "అసాంఘిక కార్యకలాపాలు" అని రాసిచ్చే అసోసియేషన్లు ఉన్నాయి. తెలిసి తెలిసి తప్పుడు సమాచారం ఇచ్చి పోలీసుల చేత ఇంకొకరిని ఇబ్బంది పెట్టడం న్యాయ సంహిత 217వ సెక్షన్ కింద నేరమని ఆ కాగితం మీద సంతకం పెట్టేముందు తెలుసుకోవాలి.

ఇక పేరు బయటపడుతుందన్న భయం. 112కి ఫోన్ చేసినప్పుడు నా ఇంటికి రావద్దు, నా పేరు చెప్పొద్దు అని మొదటే చెప్పండి. అది చెప్పకపోతే హొయ్సళ వాళ్ళు దారి కోసం మీ నంబర్‌కే ఫోన్ చేసి కిందికి రమ్మంటారు, పదిమంది ముందు మీరు గేటు దగ్గర కనపడతారు. రాతపూర్వక ఫిర్యాదులో పేరు తప్పదు. దాన్ని అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద, కార్యదర్శి హోదాతో, కింద ఇళ్ళ నంబర్లతో ఇస్తే ఒక్కరి గుమ్మం ముందుకి ఎవరూ రారు. ఫోన్ చేసినవాళ్ళు ఆ రాత్రే కిందికి దిగి షామియానా దగ్గర వాదన పెట్టుకోకూడదు. పెట్టుకుంటే తెల్లారేసరికి స్టేషన్‌లో రెండు ఫిర్యాదులుంటాయి, ఒకటి మీది, ఒకటి మీ మీద.